మూడు నిమిషాలు

హోటల్ హాల్లో కొత్త కార్పెట్.
మా బూట్లు దాని మీద హెర్రింగ్ వాసన వదిలాయి.
ఎవరం క్షమాపణ చెప్పుకోలేదు.

బల్ల మీద చిన్న దీపం.
పచ్చగా ఉన్నంతసేపు మాట్లాడొచ్చు,
పసుపైతే ముగించాలి,
ఎరుపైతే కూర్చోవాలి.
సముద్రం గురించి మనిషికి మూడు నిమిషాలు.

ముందు ఎల్బ్రిడ్జ్ లేచాడు. డెబ్బై తొమ్మిదేళ్ళవాడు.
కాగితం తెచ్చుకున్నాడు గానీ
కళ్ళజోడు పడవలో మర్చిపోయాడు.
"అమావాస్య రాత్రి మా నాన్న
పడవ అంచు మీద తెడ్డుతో ఒక్క దెబ్బ వేసేవాడు.
నీళ్ళ అడుగున నిప్పంటుకున్నట్టు
గుంపు గుంపంతా మెరిసేది.
అలా తెలిసేది, ఎక్కడున్నాయో."
"మరి ఇప్పుడు కొడితే?" అడిగాడు టై కట్టుకున్నాయన.
"ఇప్పుడు చప్పుడొస్తుంది," అని కూర్చున్నాడు.
పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

టెస్ దీవిలో టెర్న్ పక్షుల్ని లెక్కపెట్టే పిల్ల.
గాజు సీసా తెచ్చింది.
అందులో కూన, గొంతుకడ్డంగా
అరచేతి వెడల్పు చేప.
"తల్లి తప్పు లేదండీ.
సన్నటి హెర్రింగ్ పిల్లలు దొరక్క
దొరికిందే తెచ్చింది.
గూటి చుట్టూ పద్దెనిమిది చేపలు పడున్నాయి,
ఒక్కటీ మింగుడుపడలేదు."
సీసా ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వెళ్ళింది.
టై ఆయన దాన్ని తన నీళ్ళ గ్లాసుకి దూరంగా పెట్టాడు.

డొమినిక్‌వి రెండు ఓడలు, వాటి మధ్య ఒక్కటే వల.
రాత్రి మా కిటికీలోంచి ఆ దీపాలు చూస్తే
సముద్రం మీద కొత్త ఊరు వెలిసిందనుకుంటాం.
"నా దగ్గర పదకొండుమంది పనిచేస్తారు.
కోటా దాటి ఒక్క పౌను తేలేదు," అన్నాడు.
అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే.
సముద్రమంతటికీ లెక్క సరిపోతుంది.
నాలుగు రాత్రుల్లో ఒకే చోట తోడేస్తే
ఆ చోటు మాత్రం
ఏ లెక్కలోకీ రాదు.

"వర్నా బీల్. ఎర కొట్టు."
నా పేరు పిలిచారు.
తీరానికి పన్నెండు మైళ్ళ దాకా ఆ వల రాకూడదని
చక్కగా రాసుకొచ్చాను. చదవలేకపోయాను.
ఇరవై రెండేళ్ళు డొమినిక్ ఓడ దగ్గరే కొన్నాను.
పీపాలు దింపి, వాటి మీద ఉప్పు చల్లినవి ఈ చేతులే.
ఆ ఓడ ఉప్పు తిన్నదాన్ని.

చెప్పింది ఇంతే.
"హెర్రింగ్ చాలక ఇప్పుడు
గడ్డకట్టిన పందితోలు అమ్ముతున్నాను.
లాబ్‌స్టర్ తింటుంది, దానికి పట్టింపు లేదు.
కాడ్ తినదు. తిమింగలం తినదు.
ఆ సీసాలో పిట్ట తినదు.
మేం దాన్ని ఎర అంటాం.
ఆ పేరు పెట్టినప్పుడే
సగం చంపేశామేమో, అది బతికేది
ఇంకొకదాన్ని పట్టడానికే అన్నట్టు."

పసుపు.

"గీత గీస్తే నా కొట్టు మూతపడొచ్చు.
ఈ గదిలో సగం బోట్లకి ఎర అప్పుగా ఇచ్చింది నేనే,
ఆ బాకీలూ మునుగుతాయి."
వెనక బెంచీలో ఎవరో దగ్గారు.
"గీయండి."

ఎరుపు.

నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.
బయట వాన. పార్కింగ్‌లో డొమినిక్
నా ట్రక్కు పక్కనే నిలబడి సిగరెట్ ఆరకుండా
అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.
కోపంగా లేడు. అలిసిపోయినట్టున్నాడు.
"సోమవారం ఎన్ని పీపాలు?" అన్నాడు.

ఎప్పుడూ పన్నెండు.

తాళంచెవి దొరకడం లేదన్నట్టు
జేబులు వెతుక్కుంటూ నిలబడ్డాను.
అతను ఎదురుచూశాడు.
"ఆరు," అన్నాను చివరికి,
ధర అడగకుండా.